పాలీ: అర్థమూ వాడుకా

గ్రేటర్ నోయిడా,
అక్టోబరు 27

పూజ్యులైన గోవిందరాజులు మావయ్యకు విష్ణు నమస్కరించి రాసేది.

మావయ్యా, జనక్‌పురికీ ఇక్కడికీ మధ్య మెట్రో ఉండగా ఉత్తరమేమిటని మీరు అనుకోరు. అనుకునేవాళ్లు నా చుట్టూనే ఉన్నారు. నిన్న నా చేతిలో కవరు చూసి మా సొసైటీ గార్డు, "క్యా హువా భయ్యా, కోర్టు కేసా?" అని జాలిగా అడిగాడు. మీకు ఫోను చేద్దామంటే చెవి మిషను ఈల వేస్తుంది. అత్తయ్యకు చేస్తే స్పీకర్లో పెడుతుంది, బ్లాకంతా వింటుంది. స్వయంగా వద్దామంటే, పోయిన నెల మీరు సంబంధం మాట ఎత్తగానే కంచం ముందు నుంచి లేచి వచ్చేశానాయె. నాన్న పోయాక నన్ను పెంచి చదివించినవారి ఎదుట ఏ ముఖం పెట్టుకుని నిలబడను? తపాలా శాఖలో రిటైరైనవారు కనుక, ఉత్తరమైతే చివరిదాకా చదువుతారని ఒక్క ధైర్యం.

సంగతేమిటంటే, నా జీవితంలోకి పాలీ వచ్చింది.

ఈ ఒక్క వాక్యం కోసం ఎన్నో కాగితాలు చింపాను. దీని తర్వాత రాయాల్సిన మాట దగ్గర పెన్ను ఆగిపోతోంది. పెద్దవారు, మీరే అర్థం చేసుకోవాలి.

ఆగస్టులో నా రూమ్మేటు చైతుకి అపెండిక్సు ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రిలో మొదటిసారి చూశాను. నిలువెల్లా ఆకుపచ్చ. ఏసీ చలికి ముక్కు ఎర్రగా ఉంది. నన్ను చూసి "ఎవరండీ మీరు?" అని తెలుగులో అడిగింది! ఫినాయిలు వాసన కొట్టే ఆ వరండాలో ఆ పలుకు వినగానే నా ప్రాణం లేచొచ్చింది. చైతు కోలుకుని ఇంటికొచ్చేశాడు. నేను మాత్రం ఏదో ఒక వంకన ఆ ఆస్పత్రికి పోతూనే ఉన్నాను.

ధౌలా కువాన్‌లో ఉండే పౌలురాజుగారు పాలీని ప్రాణప్రదంగా పెంచారు. బాపట్ల వైపువారు. మొన్న గుండె చిక్కబట్టుకుని ఆయన్ని అడిగాను. "నువ్వడిగితే ఇచ్చేస్తానేంటి బాబూ? మీ పెద్దోళ్లొచ్చి అడగాలి" అన్నారు. ఇంతలో దుబాయ్ నుంచి పిలుపొకటి వచ్చి కూర్చుంది. త్వరగా తేల్చకపోతే ఎగిరిపోతుందేమోనని నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. ఆఫీసులో ఏ పని ముట్టుకున్నా తప్పులే. మొన్న మా మేనేజరుకు పంపాల్సిన మెయిల్లో "డియర్ పాలీ" అని రాసి, పంపేముందు చూసుకున్నాను.

మీరు ఔనంటే ఔను. కాదంటే, ఆ మాట నేను రాయను.

పోస్టుమ్యాన్ దారి కాస్తూ,
మీ మేనల్లుడు
విష్ణు

తా.క.: పాలీకి మీ గురించి అంతా చెప్పాను. "గోవిందరాజులు మావయ్య" అని ఇప్పుడు తడుముకోకుండా అంటోంది.

●

జనక్‌పురి,
నవంబరు 1

చిరంజీవి విష్ణుకు మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. స్టాంపు వంకరగా అంటించావు. మనిషి కుదురుగా లేడని అక్కడే తెలిసింది.

పాలీ అనే మాట నాకు మొదట బోధపడలేదు. పాలిటెక్నిక్కులో ఏమైనా చేరావేమో అనుకున్నాను. పాలియెస్టరేమో అనుకున్నాను. జీవితంలోకి పాలియెస్టరు రావడమేమిటి? చివరికి ఇంగ్లీషు నిఘంటువు దింపి, దుమ్ము దులిపి చూశాను. దొరికింది! పాలీ, నామవాచకం: పెంపుడు చిలకకు ముద్దుగా పెట్టే పేరు. వాడుక కూడా ఇచ్చాడు. మేరీ కాస్తా నోళ్లలో నలిగి మాలీ అయి, మాలీ పాలీ అయిందట, మనవాళ్లు వెంకటేశ్వర్లును ఎంకడు చేసినట్టు. ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రేమగా పిలిచేటప్పుడు వాడతారట. ఆ అర్థం పట్టుకుని నీ ఉత్తరం మళ్లీ చదివితే ప్రతి ముక్కా అతికింది. చిలకన్నమాట! హాయిగా నవ్వుకున్నాను. ఈ మాత్రం దానికి అన్ని కాగితాలు చింపడమెందుకురా?

నాకేమీ అభ్యంతరం లేదు. ఆఫీసూ గదీ తప్ప మరో లోకం లేక నువ్వు ముభావంగా తయారయ్యావు. ఇక సంబంధాల ఊసు నేనెత్తను. దీన్ని సంభాళించగలిగితే రేపు దేన్నయినా సంభాళించగలవు.

అయితే కొన్ని సంగతులు. రిజిస్ట్రేషను కాకుండా ఇంట్లో పెట్టుకోకు. రోజులు మంచివి కావు, పక్క ఫ్లాటువాడు ఒక్క ఫిర్యాదు పెడితే పోలీసులు తలుపు కొడతారు. రోజంతా ఒంటరిగా వదిలేశావంటే దిగులుతో తన్ను తానే పీక్కుంటుంది. ఒక మంచి అద్దం కొనిపెట్టు, గంటల తరబడి చూసుకుంటూ కూర్చుంటుంది, నీ జోలికి రాదు. పచ్చిమిరపకాయలు పెడితే ఇష్టంగా తింటుంది. ఈ దిల్లీ పొగలో బయట తిప్పకు. దుబాయ్ వాళ్ల మాట వినవద్దని పౌలురాజుగారికి చెప్పు, ఆ ఎడారిలో గొంతు ఎండిపోతుంది.

ముఖ్యమైనది ఇది. రెక్కలు కత్తిరించి ఇస్తామంటే ఒప్పుకోకు. ఎగరగలిగింది ఎగరాలి. ఎగిరి, సాయంత్రం తనంతట తాను వచ్చి మన ఇంటి మీద వాలితే, అదీ మన గొప్ప.

ఇట్లు,
నీ క్షేమం కోరే
గోవిందరాజులు

తా.క.: వచ్చిన రోజు నుంచే "రామ రామ" అనడం నేర్పు. చిన్నప్పుడే పట్టుబడితే సులువు. ఇప్పుడైనా రోజూ పొద్దున్నే ఎదురుగా కూర్చుని అంటూ ఉండు, వస్తుంది.

మరో తా.క.: కొత్తలో కొరుకుతుంది. వేలు వెనక్కి లాక్కోకు, లాక్కుంటే అలుసైపోతావు.

●

గ్రేటర్ నోయిడా,
నవంబరు 6

దేవుడిలాంటి మావయ్యకు విష్ణు పాదాభివందనాలు.

మీ ఉత్తరం గేటు దగ్గరే నిలబడి చదివాను. గార్డు నా ముఖం చూసి, "కేసు గెలిచారా?" అని అడిగాడు. గెలిచానన్నాను. మీరు కాదంటారని ఎన్ని రాత్రులు దొర్లానో! మీరేమో తనని చిలక అన్నారు. ఆ ఒక్క మాటకి నా కళ్లు చెమర్చాయి. పాలీ అన్న పేరుకి అలాంటి అర్థముందని నాకూ తెలియదు. తనకి చెబితే పొంగిపోయి, ఆస్పత్రిలో అందరికీ చెప్పుకుంది.

పచ్చిమిరపకాయలంటే ప్రాణమని మీకెలా తెలిసింది? పెరుగన్నంలో కూడా కొరుక్కుంటుంది. అద్దం కొన్నాను. ఎందుకని అడిగితే మీరు చెప్పిన కారణమే చెప్పాను. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. ఇక కొరకడం గురించి రాశారు కదా, అది చదివి కాసేపు ఆలోచించి, "పాపం, మీ మావయ్యగారు అత్తయ్యగారి గురించి రాసుంటారు" అంది.

రిజిస్ట్రేషను విషయంలో మీ మాటే నా మాట. కనుక్కున్నాను. ముందు నోటీసు బోర్డు మీద నెల రోజులు పెడతారట. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకోవచ్చట.

మావయ్యా, ఒక్క విషయం మాత్రం గొంతులో ముల్లులా ఉంది. "రామ రామ" అనిపించమన్నారు. పౌలురాజుగారింట్లో లేవగానే "స్తోత్రం" అంటారు. పాలీ నోట ముందు వచ్చేది ఆ మాటే. పుట్టినప్పటి నుంచీ విన్న పలుకు. మార్చుకోమని ఏ నోటితో అడగను? అడిగితే పౌలురాజుగారు గుమ్మం కూడా తొక్కనివ్వరు. ఆయన తల్లి ఒకావిడ ఉన్నారు, ఈ వ్యవహారమంతా ఆవిడకి మొదటి నుంచీ సుతరామూ ఇష్టం లేదు. ఈ ముక్క చెవిన పడిందంటే అంతే సంగతులు. మీ ఉత్తరంలో ఆ ఒక్క తాజా కలం మీద వేలు అడ్డం పెట్టి పాలీకి చూపించాను. ఇలా ఎన్నాళ్లు దాచను? పాలు పొంగేదాకా కూడా పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నాను. వెంటనే జవాబు రాయండి.

మీ మాట కోసం పచార్లు చేస్తూ,
విష్ణు

తా.క.: జలుబు తగ్గింది. ముక్కు ఇప్పుడు ఎర్రగా లేదు.

●

జనక్‌పురి,
నవంబరు 11

చిరంజీవి విష్ణుకు,

పిచ్చివాడా, ఇంత చిన్న విషయానికి అంత గుండెదడ ఎందుకు?

ఎవరింట పెరిగితే ఆ ఇంటి పలుకే పలుకుతుంది. పౌలురాజుగారింట పెరిగింది కనుక స్తోత్రమంటుంది. మనింటికొచ్చాక కూడా స్తోత్రమే అననీ! పొద్దున్నే ఒక గొంతు దేవుణ్ణి తలుచుకుంటే ఇంటికి మంచిదే. ఏ దేవుడని పరీక్ష పెట్టే చెవులు నాకెలాగూ లేవు. దానికి మతమేమిటిరా? మతం మనం అంటగట్టేది. నేను నా గదిలో రామ రామ అంటాను, అది బాల్కనీలో స్తోత్రమంటుంది, పైన వినేవాడికి తెలుగు వస్తే చాలు. ఈ మాట పౌలురాజుగారికీ, వాళ్ల అమ్మగారికీ నా పేరు మీద చెప్పు. కావాలంటే ఈ ఉత్తరమే చూపించు. కింద సంతకం చేస్తున్నాను.

రిజిస్ట్రేషనుకు నెల రోజుల నోటీసు పెడతారని తెలిసి ఆశ్చర్యపోయాను. అభ్యంతరం ఎవడు చెప్తాడట, అటవీ శాఖవాడా? మన రోజుల్లో చెయ్యి చాపితే వచ్చి వాలేవి, ఎవరి సంతకాలూ ఉండేవి కావు.

ముక్కు ఎరుపు తగ్గిందని రాశావు. అది మంచి లక్షణం కాదు. డాక్టరుకు చూపించు.

ఇట్లు,
గోవిందరాజులు

తా.క.: తొందరపడి శాశ్వతంగా తెచ్చుకోకు. ముందు ఒక వారం ఉంచుకుని చూడు. కుదరకపోతే మర్యాదగా తిరిగి ఇచ్చెయ్యి, అందులో తప్పేమీ లేదు. మా ఎదురింటి ఇంద్రాణిగారింట్లో ఇలాగే ముచ్చటపడి తెచ్చుకుని, అరుపులకు తట్టుకోలేక నెల తిరక్కుండా పంపించేశారు.

●

గ్రేటర్ నోయిడా,
నవంబరు 16

మావయ్యకు నమస్కారాలు.

మొదట మంచి వార్త. మీ ఉత్తరం పట్టుకుని నిన్న పౌలురాజుగారింటికి వెళ్లాను. తాజా కలం ఉన్న కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మిగతాది ఆయన చేతికిచ్చాను. "దానికి మతమేమిటిరా" అన్న చోట ఆయన ఆగిపోయారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. వాళ్లమ్మగారు మంచం మీద నుంచే, "మళ్లీ సదువు" అన్నారు. మళ్లీ చదివారు. మూడోసారి కూడా చదివించుకుని, "ఇంత పెద్దమనసున్న మడిసి ఈ కాలంలో ఉన్నాడా? ఓసారి తీసుకురా, కళ్లారా సూత్తాను" అన్నారావిడ. అన్నాళ్లూ నా వైపు కన్నెత్తి చూడని మనిషి!

ఈ నెల చివరి ఆదివారం పొద్దున్నే మిమ్మల్ని రమ్మన్నారు. ముందు మీరొక్కరే రావాలట. "కుర్రోడి ముందు పెద్దోళ్లు మాట్టాడుకోలేరు" అన్నారు. చిరునామా వెనక రాశాను. దుబాయ్ వాళ్లకు సోమవారం కల్లా జవాబు చెప్పాలట. అంటే అంతా మీ ఆదివారం మీదే ఉంది.

ఇక నన్ను నిద్రపోనివ్వనిది మీ తాజా కలం. వారం ఉంచుకుని చూడమనీ, కుదరకపోతే తిరిగి ఇచ్చెయ్యమనీ మీరేనా రాసింది? నాకలాంటి ఆలోచనే లేదు. ఇంద్రాణి ఆంటీ కోడల్ని నెలకే పంపేశారా? దీపావళికి గుళ్లో కొడుకూ కోడలూ జంటగా నాకే మిఠాయి డబ్బా ఇచ్చారే! అరిచేది ఆ అమ్మాయేనా? నాకు ఆవిడ పెద్దగా మాట్లాడినట్టు కూడా గుర్తు లేదు.

అటవీ శాఖ మాట అర్థం కాలేదు. మీ హాస్యమనుకుని నవ్వాను.

ఆదివారం దాకా ఎలా బతకాలో తెలియని
విష్ణు

●

జనక్‌పురి,
నవంబరు 20

చిరంజీవి విష్ణుకు,

ఆదివారం తప్పక వెళ్తాను. పౌలురాజుగారూ, వాళ్ల అమ్మగారూ సంస్కారవంతుల్లా ఉన్నారు. ఇంత చిన్న విషయానికి అంత మర్యాద చేసేవాళ్లు ఈ రోజుల్లో అరుదు.

ఇంద్రాణిగారి కోడలు క్షేమం. ఆ అమ్మాయి ఊసెందుకు తెచ్చావు? పంపేసింది కోడల్ని కాదు, వేరేదాన్ని. దాన్ని తెచ్చింది ఇంద్రాణిగారి భర్త శ్రీరాములుగారు. రిటైరయ్యాక తోచక తెచ్చుకున్నారు. పగలంతా బాల్కనీలో దాంతోనే కబుర్లు, తన కంచంలోది తీసి నోటికి అందించడం, అది ఆయన చెవి కొరకడం. ఇంద్రాణిగారికి ఒళ్లు మండి, అదో నేనో తేల్చుకోమన్నారు. పాపం, ఆయన ఇప్పటికీ బెంగగానే ఉన్నారు.

నేను ఖాళీ చేతులతో వెళ్లను. పాలీ కోసం నిన్ననే ఒకటి కొన్నాను. బంగారు రంగుది, గాలి బాగా ఆడుతుంది, చుట్టూ చక్కటి పని ఉంది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. సరిపోతుందో లేదోనని ఒక్కటే అనుమానం. పాలీ ఎంత పొడవుంటుందో వెంటనే రాయి.

ఇట్లు,
గోవిందరాజులు

తా.క.: స్పీడు పోస్టు చేయకు. మామూలు టపా మీద నమ్మకం లేనివాళ్లు చేసే పని అది.

●

గ్రేటర్ నోయిడా,
నవంబరు 26

మావయ్యకు,

ఐదడుగుల మూడంగుళాలు. మీరు తనకి పట్టుచీర కొన్నారని పాలీకి చెప్పలేదు, మీ చేత్తో ఇచ్చినప్పుడే చూడనివ్వండి. ఏ సైజైనా ఫరవాలేదు, బ్లౌజు ఎలాగూ కుట్టించుకోవాలి.

శ్రీరాములు అంకుల్ సంగతి చైతుకి రెండుసార్లు చదివి వినిపించాను. గుళ్లో కనిపించినప్పుడల్లా ఆయన కాళ్లకు దణ్ణం పెట్టేవాణ్ణి. ఆ వయసులో, బాల్కనీలో, అందరూ చూస్తుండగా! ఇంద్రాణి ఆంటీ ఓర్పుకి మొక్కాలి.

ఆదివారం నేను ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంటాను. మీరు ఫోను చేయరని తెలుసు. అయినా పట్టుకుని కూర్చుంటాను.

మీ
విష్ణు

●

జనక్‌పురి,
డిసెంబరు 1

విష్ణుకు,

ఇది నీకు రాస్తున్న రెండో ఉత్తరం. మొదటిది నిన్న ఇంటికి రాగానే కోపంతో రాసి చింపేశాను. అందులో నిన్ను అనని మాట లేదు. ఇందులో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆదివారం పొద్దున్నే పంజరం చేత పట్టుకుని బయల్దేరాను. ఔను, పంజరమే. మెట్రోలో తనిఖీ చేసే జవాను దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఏముంది?" అన్నాడు. ఏమీ లేదన్నాను. "మరెందుకు తీసుకెళ్తున్నారు?" అన్నాడు. వచ్చేటప్పుడు ఉంటుందన్నాను. వాడు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఠీక్ హై అంకుల్‌జీ" అని వదిలేశాడు.

పౌలురాజుగారు తలుపు తీసి, "వందనాలండీ గోవిందరాజులుగారూ" అని నా రెండు చేతులూ పట్టుకోబోయారు. పంజరం అడ్డొచ్చింది.

"ఇదేంటండీ?"

"పాలీకి" అన్నాను.

ఆయన దాన్ని తీసుకెళ్లి టీవీ పక్కన పెట్టారు. వాళ్లావిడ సరళకుమారిగారు కాఫీ ఇచ్చారు. పెద్దావిడ తెల్లచీర కట్టుకుని కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నారు. నేనేమో కిటికీ చూశాను, బాల్కనీ చూశాను, ఫ్యాను మీద కూడా చూశాను.

"పాలీ ఏదండీ?"

"నైట్ డూటీ అండి. వచ్చేత్తా ఉంటది."

చిలకకు నైట్ డ్యూటీ ఏమిటి? చెవి మిషను సరిచేసుకుని, "మాటలు బాగా వచ్చునటగా?" అన్నాను.

"ఎందుకు రావండీ! తెలుగు, హిందీ, ఇంగ్లీషు. ఆస్పత్రిలో తోటి నర్సులతో కలిసి మలయాళం కూడా నేర్చేసుకుంది."

"రెక్కలు కత్తిరించలేదు కదా?"

పౌలురాజుగారు కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు. "మా పిల్ల రెక్కలు మేమెందుకు కత్తిరిత్తామండీ? మీరు రాసిన ఆ ముక్క ఇని, పెళ్లయ్యాక ఉజ్జోగం మానిపిత్తారేమోనన్న బెంగ పోయింది మా అమ్మాయికి."

పెళ్లి. అమ్మాయి. ఈ రెండు మాటలూ నా మిషనులోకి ఎంతో స్పష్టంగా వచ్చాయి. సరిగ్గా అప్పుడే వీధి తలుపు తోసుకుని ఒక అమ్మాయి లోపలికి వచ్చింది. ఆకుపచ్చ చుడీదారు, భుజాన సంచి, చలికి ఎర్రబడిన ముక్కు. నన్ను చూడగానే, "గోవిందరాజులు మావయ్యగారూ!" అంది, తడుముకోకుండా.

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఒరేయ్, నేను రాసిన ప్రతి అక్షరమూ వరసగా కళ్లముందు తిరిగింది. అద్దం, పచ్చిమిరపకాయలు, వారం ఉంచుకుని తిరిగి ఇచ్చెయ్యడం! తప్పంతా నాది కాదురా, కొంత మన వ్యాకరణానిది. చిలక వచ్చింది, కోడలు వచ్చింది. పిట్టకీ ఆడపిల్లకీ ఒకటే క్రియ పెట్టిన భాషలో నువ్వు అసలు మాట మింగేసి ఉత్తరం రాస్తే నేనేం చెయ్యను?

నీ దగ్గర దాచను. లేచి వచ్చేద్దామనిపించింది. మన ఇళ్లలో ఇంతవరకూ లేనిది, రేపు బంధువులకు ఏం చెప్పను, ఇలాంటివన్నీ ఒక్కసారిగా బుర్రలోకి వచ్చాయి. చెప్పులు ఎక్కడ విడిచానా అని చూసుకున్నాను కూడా. అప్పుడు పెద్దావిడ అన్నారు: "బాబూ, ముందర అడ్డం పడ్డది నేనే. ఆళ్లింటికెళ్తే మా పిల్ల నోరు కట్టేత్తారని బయపడ్డాను. మీ ఉత్తరమే నన్ను మార్చింది. ఒరే పౌలూ, ఆ ముక్క ఓపాలి సదువు."

ఆయన చదివారు. దానికి మతమేమిటిరా, మతం మనం అంటగట్టేది. నా అక్షరాలే. కింద నా సంతకమే. ఆ గదిలో ఆ మాటలు నమ్మని మనిషి నేనొక్కణ్ణే.

ఇక ఉండబట్టలేకపోయాను. "అమ్మా" అన్నాను ఆ అమ్మాయితో, "నేను చిలకను తీసుకెళ్దామని వచ్చాను."

అందరూ మెచ్చుకోలుగా నవ్వారు. ముద్దుగా అన్నాననుకున్నారు. "కాదండీ, నిజం చిలకే" అని మొదటి నుంచీ చెప్పాను. నిఘంటువు, నామవాచకం, వాడుక, అంతా. పౌలురాజుగారు ఒకసారి ఉత్తరం వైపు, ఒకసారి పంజరం వైపు చూశారు. సరళకుమారిగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దావిడ ముఖంలో నవ్వు ఆరిపోయింది. అది చూడలేకపోయాను.

ఆ అమ్మాయి మాత్రం పంజరం దగ్గరికి వెళ్లి, దాని చిన్న తలుపు ఓసారి తెరిచి మూసింది. వచ్చి నా ఎదురుగా, పెదవులు నాకు కనిపించేలా కూర్చుంది. అరవలేదు. నెమ్మదిగా అడిగింది: "చిలక కాదని తెలిసిపోయింది కదండీ. మరి ఆ ఉత్తరాలు వెనక్కి తీసుకుంటారా?"

టీవీ పక్కనున్న పంజరం వైపు చూశాను. ముఖం తెలియని పిట్టకు ఇవ్వగలిగిన చోటు, నిద్రలేని కళ్లతో ఎదురుగా కూర్చుని అడుగుతున్న పిల్లకు ఇవ్వలేనా? అలా ఇవ్వలేనివాణ్ణయితే ఆ ఉత్తరంలో నేను రాసిందంతా కూతలే కదా!

"బట్వాడా అయిపోయిన ఉత్తరాన్ని వెనక్కి తీసుకునే రూలు మా శాఖలో లేదమ్మా" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది చూడు! ఆ నవ్వుకి నా చెవి మిషను ఈల వేసింది. పెద్దావిడ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వేశారు. ఆ తర్వాత నేను చేతులు జోడించి, అడగాల్సిన పద్ధతిలో అడిగాను. "మా విష్ణుకు మీ అమ్మాయిని ఇవ్వండి." ఇచ్చామన్నారు. పాలీ అసలు పేరు స్తుతి అట. ఎంత చక్కటి పేరు! అది రాసి ఉంటే నాకు పంజరం ఖర్చు తప్పేది. దుబాయ్ వాళ్లకు రావడం లేదని నా ఎదుటే మెయిలు పంపింది. నా కోసం కాదనీ, అక్కడ జీతం కన్నా డ్యూటీలు ఎక్కువనీ స్పష్టంగా చెప్పింది. నాకు నచ్చింది.

పంజరం వాళ్లింట్లోనే వదిలేశాను. పెద్దావిడ ఉల్లిపాయలు పోసుకుంటానన్నారు.

వచ్చే ఆదివారం అమ్మాయిని భోజనానికి తీసుకురా. ఈసారి కంచం ముందు నుంచి లేస్తే కాళ్లు విరగ్గొడతాను.

ఇట్లు,
మీ ఇద్దరి
గోవిందరాజులు మావయ్య

తా.క.: ఐదడుగుల మూడంగుళాలని నువ్వు రాసిన ఉత్తరం ఈ పొద్దున అందింది. శనివారం అంది ఉంటే ఎంత బాగుండేది! ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ మొదటిసారి, స్పీడు పోస్టు మంచిదేనేమో అనిపించింది.

మరో తా.క.: శ్రీరాములుగారికి ఎక్కడ కనిపించినా మళ్లీ దణ్ణం పెట్టు. ఆయన తెచ్చుకున్నది నిజంగా చిలకే.

ఇంకో తా.క.: ఇది మీ అత్తయ్య ఛాయాదేవి రాస్తున్నది. కవరు అంటించమని నాకిచ్చి ఆయన స్నానానికి వెళ్లారు, అందుకని త్వరగా రాస్తున్నాను. విష్ణూ, నీ మొదటి ఉత్తరం చదివిన పూటే నాకు సంగతి అర్థమైంది. ఆస్పత్రి గుమ్మం పట్టుకుని చిలక కోసం తిరిగే కుర్రాడు ఎక్కడైనా ఉంటాడా? ఆయన నిఘంటువు మూసి "చిలకేనోయ్" అని సంబరంగా చెబితే, "అంతే అయ్యుంటుంది లెండి" అని నేను పప్పులో పోపు పెట్టుకున్నాను. ఒకసారి కాదన్నారంటే ఆ మాట మీదే జీవితమంతా నిలబడే మనిషి. ఔనన్నా అంతే. అందుకే ముందు ఔను అననిచ్చాను.